టెర్మినల్‌లో తెలుగు పేర్లు, వంకరపోయిన గీతలు

అనంతపురంలో మా మామ చెనిక్కాయల వ్యాపారం లెక్కలకు పాత లాప్‌టాప్‌లో టెర్మినల్ (అక్షరాలతోనే నడిచే తెర) ప్రోగ్రాం రాశాను. మొదట కర్సెస్ అనే లైబ్రరీ (టెర్మినల్ తెర గీయడానికి ముందే రాసిపెట్టిన కోడ్) వాడాను, పెట్టెలు, స్క్రోలింగ్ అన్నీ నేనే రాసుకోవాల్సి రావడంతో రెండు వారాలు పోయాయి. తర్వాత టెక్స్‌చువల్ అనే పైథాన్ లైబ్రరీకి మారాను. పట్టికలు, బటన్లు సిద్ధంగా ఉంటాయి, రంగులు సీఎస్ఎస్ (వెబ్ పేజీల రూపం రాసే భాష) లాంటి ఫైల్‌లో విడిగా రాసుకోవచ్చు, మౌస్ కూడా పనిచేస్తుంది. చాలా అందంగా వచ్చింది.

కానీ రైతుల పేర్లు తెలుగులో వేయగానే గీతలు వంకరపోయాయి. టెర్మినల్ అక్షరాలను సమానమైన గళ్లలో పెడుతుంది కదా, ఒత్తులున్న చోట ఎన్ని గళ్లు పడతాయో లైబ్రరీ లెక్క ఒకటి, టెర్మినల్ లెక్క ఇంకొకటి. పేర్ల నిలువు వరసను చివరికి జరిపి కుడివైపు గీత తీసేశాను, అంకెలన్నీ తిన్నగా నిలబడ్డాయి.

గో అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాళ్లు బబుల్ టీ అనే లైబ్రరీ వాడొచ్చు. ఏది ఎంచుకున్నా ముందు 'లక్ష్మి' అని పట్టికలో వేసి చూడండి.