జపాన్‌లో చదువుకోబోయే విద్యార్థులు మొదటి రెండు వారాల్లో చక్కబెట్టుకోవలసిన పనులు

నరిత, హనేద, కాన్సాయి వంటి పెద్ద విమానాశ్రయాల్లో దిగిన విద్యార్థులకు జైర్యూ కార్డు, అంటే నివాస కార్డు, అక్కడే చేతికిస్తారు. పార్ట్‌టైం పని చేసే ఆలోచన ఏ కొంచెం ఉన్నా అందుకు కావలసిన అనుమతి దరఖాస్తును ముందే నింపుకొని వెళ్లి, కార్డు తీసుకునేటప్పుడే ఇవ్వడం మంచిది. లేకపోతే తరువాత దీనికోసమే ఇమ్మిగ్రేషన్ కార్యాలయానికి వెళ్లవలసి వస్తుంది. బయటికి వెళ్లినప్పుడల్లా ఆ కార్డు వెంట ఉండి తీరాలి.

గదిలో చేరిన 14 రోజుల్లోగా మీ ప్రాంతపు వార్డు ఆఫీసుకు గాని, సిటీ ఆఫీసుకు గాని వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆరోగ్య బీమా, పింఛను పనులు కూడా అదే రోజు పూర్తిచేసుకోండి. మూడు నెలలకు మించి ఉండే విద్యార్థులు జాతీయ ఆరోగ్య బీమాలో తప్పక చేరాలి. చేరితే వైద్య ఖర్చులో సాధారణంగా 30 శాతమే మీరు భరిస్తారు. ప్రీమియం అంతకుముందు ఏడాది ఆదాయాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఆదాయం లేదని అక్కడే ప్రకటిస్తే బాగా తగ్గుతుంది. ఆలస్యంగా చేరి డబ్బు మిగుల్చుకోవచ్చని అనుకోవద్దు, వెనకటి నెలలకు కూడా కట్టిస్తారు.

మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది పింఛను. 20 ఏళ్లు నిండినవారందరూ జాతీయ పింఛనులో చేరవలసిందే, విద్యార్థులకు మినహాయింపు లేదు. అయితే కౌంటరులో ‘గకుసేయ్ నోఫు తొకురేయ్’ కావాలని అడిగి, విద్యార్థి గుర్తింపు కార్డు చూపించి దరఖాస్తు చేస్తే చెల్లింపును వాయిదా వేస్తారు. ఇది ఏప్రిల్ నుంచి మార్చి వరకే చెల్లుతుంది కాబట్టి ఏటా మళ్లీ అడగాలి. కొన్ని భాషా పాఠశాలల విద్యార్థులకు ఈ వాయిదా వర్తించదు గాని, తక్కువ ఆదాయం కారణంగా చెల్లింపు నుంచి మినహాయింపు కోరే మార్గం వారికీ ఉంది. కట్టకుండా, దరఖాస్తూ చేయకుండా వదిలేసిన నెలలు బకాయిలుగా నమోదవుతాయి. ఎప్పుడో శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే రోజున అవే అడ్డుపడతాయి.

పని వేళల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వారానికి 28 గంటలే పని చేయాలన్న పరిమితి ఒక్కో దుకాణానికి విడిగా కాదు, మీరు చేసే పనులన్నిటికీ కలిపి. పైగా ఏ రోజు నుంచి ఏడు రోజులు లెక్కించినా 28 దాటకూడదు గనుక, ఒక వారం చివర, మరుసటి వారం మొదట షిఫ్టులు గుమిగూడితే తెలియకుండానే హద్దు మీరుతారు. విద్యాసంస్థ ప్రకటించిన దీర్ఘ సెలవుల్లో మాత్రం రోజుకు 8 గంటల వరకు చేయవచ్చు. జూదం వంటి పచింకో ఆటశాలల్లో ఊడ్చే పని సైతం నిషిద్ధం. వీసా పొడిగింపు ఈ లెక్కలపైనే ఆధారపడవచ్చు కాబట్టి, ఎవరు ఎంత ఆశ చూపినా హద్దు దాటకండి.

శాకాహారులు కూరగాయల వంటకం అన్న మాటను చూసి నమ్మకూడదు. మిసో సూప్ (పులియబెట్టిన సోయా ముద్దతో చేసేది), ఉడోన్ (లావు గోధుమ నూడుల్స్) పులుసు వంటివాటికి వాడే ‘దాషి’ అనే రసాన్ని ఎక్కువగా ఎండబెట్టిన చేపతో కాస్తారు. వంట నేర్చుకుని వెళ్లడమే మేలు. టోక్యోలో నిషి కసాయి, షిన్ ఓకుబో ప్రాంతాల దుకాణాల్లో కందిపప్పు, చింతపండు, పొడవు బియ్యం దొరుకుతాయి. జపాన్ బియ్యం ముద్దగా ఉడుకుతుంది కాబట్టి పులిహోరకు పనికిరాదు గాని దద్దోజనానికి చక్కగా కుదురుతుంది.

చెత్త విషయంలో ఏ ఊరి పద్ధతి ఆ ఊరిదే, కాబట్టి వార్డు ఆఫీసులో క్యాలెండరు అడిగి తీసుకోండి. ప్లాస్టిక్ సీసాల మూత, లేబులు తీసి, కడిగి విడిగా పెట్టాలి. మిగిలిన సంచులను ముందురోజు రాత్రి కాకుండా చెత్త తీసుకెళ్లే రోజు ఉదయమే, కాకులు చింపకుండా చెత్త పెట్టే చోట ఉండే వలకింద ఉంచాలి. వేపుడు చేసిన నూనెను సింకులో పోయవద్దు. వంద యెన్ల దుకాణంలో దొరికే గట్టిపరిచే పొడిని వేడి నూనెలో కలిపి, చల్లారి గడ్డకట్టిన తరువాత కాల్చే చెత్తలో వేయండి.