హోమ్ థియేటర్ పీసీలో సినిమా కుదుపుతోందా? డబ్బు పెట్టే ముందు హెర్ట్జ్ చూడండి

టీవీకి ఒక కంప్యూటర్ పెట్టుకోవాలని ఆశ ఉన్నా, కొనే దగ్గరకొచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. ఆపేది ధర ఒక్కటే కాదు. ఎవరింట్లోనో ఒకసారి చూసి ఉంటారు: నాలుగైదు వేల స్ట్రీమింగ్ స్టిక్‌లో (టీవీకి గుచ్చే చిన్న పరికరం) నున్నగా సాగిన సినిమా ముప్పై వేల పీసీలో కుదుపుతూ కనబడింది. లేదా ఇంటినిండా 5.1 స్పీకర్లు (ఐదు స్పీకర్లు, ఒక బేస్ పెట్టె) ఉండగా ముందు రెండే మోగాయి. దాంతో ‘పీసీ టీవీకి పనికిరాదు’ అని తేల్చేస్తారు. ఆ ఇంటివాళ్లేమో ర్యామ్ పెంచుతారు, గ్రాఫిక్స్ కార్డు వేస్తారు, ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ తెస్తారు. అర నిమిషం పట్టే హెర్ట్జ్ పరీక్ష (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తోందో చూడటం) మాత్రం చెయ్యరు. దయచేసి అది ముందు చెయ్యండి.

విండోస్, డ్రైవర్లు, కోడీ లాంటి ప్లేయర్ పెట్టుకోవడం మీకు వచ్చనుకునే మిగతాదంతా చెబుతున్నాను.

లక్షణం: కెమెరా పక్కకి జరిగితే బొమ్మ తడబడుతుంది

ముఖాలు, మాటలు ఉన్న సీన్లలో ఏ తేడా ఉండదు. కెమెరా ఊరి మీదుగా మెల్లగా పక్కకి తిరిగినప్పుడో, టైటిల్స్ పైకి జరుగుతున్నప్పుడో, న్యూస్ చానల్ అడుగున స్క్రోలింగ్ నడుస్తున్నప్పుడో మాత్రం బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ధ్వని సరిగ్గానే ఉంటుంది.

మొదట తేల్చాల్సింది ఒకటే: పీసీకి శక్తి చాలడం లేదా, లేక లెక్క కుదరడం లేదా? అదే వీడియోని ఎంపీవీ ప్లేయర్‌లో తెరిచి, ఆడుతుండగా కీబోర్డు మీద ‘ఐ’ నొక్కండి. చూపించకుండా వదిలేసిన ఫ్రేముల (డ్రాప్డ్ ఫ్రేమ్స్) సంఖ్య, వీడియో ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలు), తెర రిఫ్రెష్ రేటు (అదే హెర్ట్జ్) అన్నీ కనిపిస్తాయి. యూట్యూబ్ అయితే వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నర్డ్స్’ తెరవండి.

వదిలేసిన ఫ్రేములు అంతకంతకూ పెరుగుతుంటే డీకోడింగ్ (కుదించిన వీడియోని విప్పడం) సమస్య. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కింద ‘వీడియో డీకోడ్’ గ్రాఫ్ పడుకునే ఉండి సీపీయూ ఎగిసిపడుతోందంటే, ఆ ఫార్మాట్‌ని మీ చిప్ హార్డ్‌వేర్‌లో విప్పలేకపోతోందన్నమాట. వీడియోని కుదించే పద్ధతుల్లో 10 బిట్ హెచ్‌ఈవీసీకి ఇంటెల్‌లో 7వ తరం, ఏవీ1కి 11వ తరం లేదా ఎన్100 లాంటి చిప్ కావాలి. యూట్యూబ్ 4కే వీడియోలు వీపీ9లోనో ఏవీ1లోనో వస్తాయి కాబట్టి పాత పెట్టెలు అక్కడే ముందు చతికిలబడతాయి. ప్లేయర్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆపేసి ఉందేమో చూడండి. లేదంటే చిప్ మారాల్సిందే, దీనికి వేరే వైద్యం లేదు.

వదిలేసిన ఫ్రేములు సున్నా అయినా కుదుపు కనిపిస్తుంటే, ఎంత ఖరీదైన పీసీ తెచ్చినా ఆ కుదుపు పోదు. కారణం హెర్ట్జ్.

సినిమాని సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. బ్లూరే డిస్కులో అది ఎక్కువగా 23.976 అవుతుంది. మన దేశంలో టీవీ ప్రసారాలది పాత పాల్ పద్ధతి నాటి నుంచీ వస్తున్న లెక్క, అంటే 25 ఫ్రేములు, 50 ఫీల్డులు (సగం ఫ్రేములు); పాల్ డీవీడీలు కూడా అంతే. ఓటీటీలో 23.976, 24, 25 మూడూ కలగలిసి వస్తాయి. విండోస్ మాత్రం టీవీని దాదాపు ఎప్పుడూ 60 హెర్ట్జ్‌లోనే పెడుతుంది.

24 ఫ్రేముల సినిమాని 60లో సర్దాలంటే ఒక ఫ్రేమ్ మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు చూపించాలి. ఒకటి 50 మిల్లీసెకన్లు, ఇంకోటి 33 మిల్లీసెకన్లు తెర మీద ఉంటుంది. 25 ఫ్రేములదైతే లెక్క ఇంకా వంకర: ఐదు ఫ్రేములు 2, 3, 2, 3, 2 చొప్పున పన్నెండు గడుల్లో కూర్చోవాలి. పాల్ డీవీడీ సినిమా, శాటిలైట్ చానల్ రికార్డింగ్ పీసీలో మరీ దారుణంగా కనిపించడానికి ఇదే కారణం. 23.976 సినిమాని సరిగ్గా 24లో ఆడిస్తే నున్నగానే పోతుంది, కానీ 42 సెకన్లకోసారి ఒక ఫ్రేమ్ రెండుసార్లు పడి చిన్న కుదుపు వస్తుంది. గడియారం పెట్టుకుని చూస్తే దొరికిపోతుంది.

మరి స్టిక్ కూడా ఎక్కువసార్లు 60లోనే పంపుతుంది కదా, అది నున్నగా ఎలా ఉంది? ఈ ప్రశ్న దగ్గరే అందరూ పీసీని తప్పుపట్టి వదిలేస్తారు. స్టిక్ పంపిన 60లో దాగిన 24ని టీవీ పసిగట్టి, అదనపు ఫ్రేములు తీసేసి సరిచేస్తుంది. రియల్ సినిమా, ఆటో మోషన్ ప్లస్, మోషన్‌ఫ్లో, ఇలా కంపెనీకో పేరుతో ఉండే సదుపాయాల పని ఇందులో ఉంటుంది. టీవీ ఇన్‌పుట్ జాబితాలో, పీసీ తగిలించిన పోర్టుకి ‘పీసీ’ అని పేరు పెట్టినా, గేమ్ మోడ్ వేసినా, చాలా టీవీలు ఈ సవరణ మొత్తాన్ని ఆపేస్తాయి. కొన్ని టీవీలు కంప్యూటర్ తగలగానే మిమ్మల్ని అడక్కుండానే ఆ పేరు పెట్టేసుకుంటాయి. అంటే స్టిక్ నుంచీ పీసీ నుంచీ వచ్చింది ఒకే 60 హెర్ట్జ్ సిగ్నల్. ఒకదాన్ని టీవీ దిద్దింది, రెండోదాన్ని ఉన్నదున్నట్టు చూపించింది.

పేరు తీసేస్తే సరిపోతుందా? కుదుపు తగ్గొచ్చు గానీ అక్షరాల పదును పోతుంది (దాని సంగతి కింద ఉంది). అసలు మందు టీవీకి సరైన హెర్ట్జ్ పంపడమే.

ముందు చేత్తో పరీక్షించండి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి రిఫ్రెష్ రేటు జాబితా తెరవండి. 23.976, 24, 25, 50, 59.94, 60 లాంటివి కనిపించాలి. పాత డైలాగుల్లో 23 అని ఉంటే అది 23.976 అనే అర్థం. మీ వీడియో 25 అయితే 50 పెట్టి అదే సీన్ మళ్లీ చూడండి, 23.976 అయితే 23.976. కుదుపు పోయిందంటే రోగం దొరికినట్టే, ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఇక ప్రతిసారీ చేత్తో మార్చకుండా కోడీకి అప్పజెప్పండి. సెట్టింగ్స్‌లో అడుగున ఎడమవైపు స్థాయిని ‘ఎక్స్‌పర్ట్’ చెయ్యండి, లేకపోతే కొన్ని గడులు కనిపించవు. ప్లేయర్, వీడియోస్‌లో ‘అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్’ని ‘ఆన్ స్టార్ట్/స్టాప్’కి మార్చండి. తర్వాత సిస్టమ్, డిస్‌ప్లేలో మూడు చూడాలి. కోడీ కిటికీలో కాక ఫుల్ స్క్రీన్‌లో నడవాలి. ‘డిలే ఆఫ్టర్ చేంజ్ ఆఫ్ రిఫ్రెష్ రేట్’కి రెండు మూడు సెకన్లు ఇవ్వండి, లేదంటే టీవీ నల్లబడి తేరుకునేలోపు మొదటి మాటలు పోతాయి. వైట్‌లిస్ట్‌లో (కోడీ వాడుకోదగ్గ రేట్ల జాబితా) ఎవరో 60 ఒక్కటే టిక్ చేసి వదిలితే ఏదీ మారదు. అందులో మీ టీవీ తీసుకునే 1080, 2160 (అంటే 4కే) రెండింటికీ అన్ని రేట్లూ టిక్ చెయ్యండి. ‘సింక్ ప్లేబ్యాక్ టు డిస్‌ప్లే’ జోలికి మాత్రం పోకండి. అది వేస్తే ఆంప్లిఫయర్‌కి వెళ్లే డాల్బీ పాస్‌త్రూ (ధ్వనిని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపడం) ఆగిపోతుంది.

ఎంపీసీ హెచ్‌సీలో ఫుల్ స్క్రీన్ సెట్టింగుల్లో ఇలాంటి ఆటోమేటిక్ మార్పు ఉంది. వీఎల్‌సీలో లేదు, అందుకే టీవీ పీసీకి అది నా మొదటి ఎంపిక కాదు. బ్రౌజర్‌కీ ఈ తెలివి లేదు. బ్రౌజర్‌లో ఓటీటీ సినిమా చూడబోయే ముందు హెర్ట్జ్ మీరే మార్చుకోవాలి.

సినిమా మొదలయ్యాక టీవీ రిమోట్‌లో ఇన్ఫో నొక్కి, వస్తున్న సిగ్నల్ నిజంగా 24 లేదా 50 అని చూసుకోండి. ఇంత చేసినా 24లో సన్నని కుదుపు మిగిలితే అది టీవీ ప్యానెల్‌ది. 120 హెర్ట్జ్ ప్యానెల్ ప్రతి ఫ్రేముని ఐదుసార్లు సమానంగా చూపిస్తుంది. 60 హెర్ట్జ్ ప్యానెల్‌లో కొన్ని 48కి దిగి సర్దుకుంటాయి, కొన్ని చవక రకాలు లోపల మళ్లీ 3, 2 లెక్కే వేస్తాయి. అలాంటి టీవీకి ఏ పెట్టె తగిలించినా ఫలితం అదే.

లక్షణం: 5.1 ఉంది, రెండు స్పీకర్లే మోగుతున్నాయి

విండోస్ సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో హెచ్‌డీఎంఐ పరికరాన్ని ఎంచుకుని ‘కాన్ఫిగర్’ నొక్కితే స్టీరియో ఒక్కటే కనిపిస్తుంది. జనం వెంటనే సౌండ్ కార్డు కొంటారు. వద్దు. పీసీ అడిగేది టీవీని. ‘నాకు రెండు చానెళ్లే వచ్చు’ అని టీవీ చెబితే విండోస్ అదే చూపిస్తుంది. టీవీ వెనక ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐ తీగలోనే టీవీ ధ్వనిని బయటికి పంపే దారి) ద్వారా ఆంప్లిఫయరో సౌండ్‌బారో ఉందని పీసీకి తెలియదు. పైగా మామూలు ఏఆర్‌సీలో కుదించని 5.1 పట్టదు, రెండు చానెళ్ల పీసీఎం (కుదించని ధ్వని) గానీ, డాల్బీ డిజిటల్ లాంటి కుదించిన ధ్వని గానీ వెళ్తుంది.

పీసీని ఆంప్లిఫయర్‌కి, అక్కడి నుంచి టీవీకి తగిలించడం అన్నిటికంటే మంచి దారి. ఆంప్లిఫయర్ పాతదై 4కే దాటనివ్వకపోతే, పీసీ రెండో హెచ్‌డీఎంఐని కేవలం ధ్వని కోసం దానికివ్వండి. విండోస్ దాన్ని రెండో తెరగా లెక్కిస్తుంది కాబట్టి ఆ తెరని ఆపెయ్యకూడదు, ఆపితే ధ్వనీ పోతుంది.

ఏఆర్‌సీ తప్ప దారి లేనివాళ్లు టీవీలో డిజిటల్ సౌండ్ అవుట్‌పుట్‌ని పీసీఎం నుంచి ఆటో లేదా పాస్‌త్రూకి మార్చి, కోడీ ఆడియో సెట్టింగుల్లో పాస్‌త్రూ వేసి, ఏసీ3 (అంటే డాల్బీ డిజిటల్) టిక్ చెయ్యండి. డాల్బీ కాని 5.1 ఫైళ్ల కోసం డాల్బీ డిజిటల్ ట్రాన్స్‌కోడింగ్ (ధ్వనిని డాల్బీలోకి మార్చి పంపడం) కూడా కావాలి. ఆ గడి పనిచెయ్యాలంటే ‘నంబర్ ఆఫ్ చానల్స్’ 2.0 ఉండాలి. 5.1 కావాలని అక్కడ 5.1 పెట్టడమే అందరూ చేసే పొరపాటు. డీటీఎస్ (డాల్బీ లాంటి ఇంకో ధ్వని పద్ధతి) ఫైల్ ఉన్నదున్నట్టు పంపితే నిశ్శబ్దం వచ్చే టీవీలున్నాయి: శామ్‌సంగ్ 2018 నుంచీ, ఎల్‌జీ 2020 మోడళ్ల నుంచీ డీటీఎస్ తీసేశాయి, ఎల్‌జీ 2023లో కొన్నిటికి తిరిగి ఇచ్చింది. అలాంటి టీవీ ఉంటే డీటీఎస్ టిక్ తీసేసి ట్రాన్స్‌కోడింగ్‌కి వదిలెయ్యండి.

లక్షణం: 4కేలో మౌస్ బద్ధకంగా కదులుతుంది

హెర్ట్జ్ జాబితాలో 30 మించి లేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల దొరికే పాత ఆఫీసు చిన్న పెట్టెలు టీవీకి బాగా పనికొస్తాయి గానీ, వాటిలో చాలావాటికి డిస్‌ప్లేపోర్ట్ ఒక్కటే ఉంటుంది, ఉన్న హెచ్‌డీఎంఐ 1.4 రకం. చవక కన్వర్టర్ కూడా 4కేలో 30 దగ్గరే ఆగుతుంది. హెచ్‌డీఎంఐ 2.0, 4కే 60 అని రాసి ఉన్న యాక్టివ్ కన్వర్టర్ అడిగి తీసుకోండి. పోర్టు 2.0 అయి ఉండీ 30 వస్తుంటే, టీవీ సెట్టింగుల్లో ఆ పోర్టుకి ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’, ‘హెచ్‌డీఎంఐ డీప్ కలర్’, ‘ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్’లో ఏది ఉంటే అది వెయ్యాలి. ఇది పోర్టుకి పోర్టు విడిగా ఉంటుంది.

లక్షణం: అక్షరాలు మసక, అంచులు తెగిపోవడం, నలుపు బూడిద రంగు

మసకకి ఆ పోర్టుకి ‘పీసీ’ పేరు పెట్టండి. హెర్ట్జ్ సరిచేసుకున్నారు కాబట్టి ఇప్పుడు కుదుపు భయం లేదు. అంచులు తెగితే టీవీలో ‘జస్ట్ స్కాన్’ లేదా ‘ఫిట్ టు స్క్రీన్’. నలుపు తేలిపోతే గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఉన్న ఫుల్/లిమిటెడ్ రేంజ్, టీవీలో ఉన్న బ్లాక్ లెవెల్ ఒకటి కావాలి.

లక్షణం: ఓటీటీలో 4కే రాదు

ఇది మాత్రం వెనకాడటానికి న్యాయమైన కారణం. విండోస్‌లో నెట్‌ఫ్లిక్స్ 4కే రావాలంటే ప్రీమియం ప్లాన్, ఎడ్జ్ బ్రౌజర్ లేదా వాళ్ల యాప్, హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్, హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కాకుండా అడ్డుకునే తాళం) ఉన్న టీవీ, పోర్టు అన్నీ కలవాలి. కొన్ని సర్వీసులు పీసీ బ్రౌజర్‌కి 4కే ఇవ్వనే ఇవ్వవు. ఓటీటీ తప్ప ఇంకేమీ చూడని ఇంటికి పీసీ వద్దు, స్టిక్ చాలు. సొంత డిస్కులు, హార్డ్ డిస్క్ నిండా ఫైళ్లు, ఇంటి వీడియోలు ఉన్నవాళ్లకే పీసీ అక్కరకొస్తుంది. వాళ్లు ఓటీటీని టీవీ సొంత యాప్‌లోనే చూసుకోవచ్చు.

లక్షణం: వైర్‌లెస్ కీబోర్డు సోఫా నుంచి పనిచెయ్యదు

కీబోర్డు డాంగిల్ (పీసీకి గుచ్చే చిన్న రిసీవర్) యూఎస్‌బీ 3.0 పోర్టులోనో, 3.0 హార్డ్ డిస్క్ పక్కనో ఉంటుంది. ఆ పోర్టు వెదజల్లే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పడుతుంది. ఒక మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ని టీవీ ముందుకి తెచ్చి పెట్టండి. టీవీ రిమోట్‌తోనే పీసీని నడపాలంటే సీఈసీ (హెచ్‌డీఎంఐ తీగలో రిమోట్ ఆదేశాలు పంపే సదుపాయం) కావాలి. రాస్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్‌లో అది ఉంది, మామూలు పీసీల హెచ్‌డీఎంఐలో సాధారణంగా ఉండదు, విడిగా యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి.

కేబుల్ పాడవడం, ర్యామ్ చెడిపోవడం, టీవీ ఫర్మ్‌వేర్ లోపం లాంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి. కొత్తగా కొనేవాళ్లు షాపులోనే 4కే తెరకి తగిలించి, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే జాబితాలో 4కే దగ్గర 60 కనిపిస్తోందో లేదో చూపించమని అడగండి. 23.976, 50 సంగతి మీ టీవీని బట్టి కూడా ఉంటుంది కాబట్టి, వాపసు తీసుకునే గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకుని, ఇంటికి తెచ్చిన రోజే చూసుకోండి.