పాత పోర్టబుల్‌కు వైఫై – 3వ పాఠం: ఫైలు పంపడం, వెనక్కి తెచ్చుకోవడం

పోయిన పాఠంలో వైఫై మోడెంను ఇంటి నెట్‌వర్క్‌లో కలిపాం. ఈసారి టాండీ మోడల్ 100 అనే పాత పోర్టబుల్ కంప్యూటర్‌లో టైపు చేసిన ఫైలును పక్క గదిలోని రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్‌లో దాచి, మళ్లీ వెనక్కి తెచ్చుకుందాం.

1983లో మోడల్ 100 వచ్చినప్పుడు విలేకరులు దాన్ని వెంట తీసుకెళ్లి, ఉన్నచోటి నుంచే ఫోన్ లైన్ మీద వార్తలు పంపేవారు. అందుకు కావలసిన టెల్‌కామ్ ప్రోగ్రాం అందులోనే ఉంది. యంత్రాన్ని విప్పి లోపల కొత్త బోర్డు అతికించడం నాకు నచ్చదు. ఫోన్‌లో మాట్లాడుతున్నానని అది అనుకుంటే చాలు, మిగతాది మోడెం చూసుకుంటుంది.

మోడల్ 100 వెనక ఉన్న 25 పిన్నుల ఆర్‌ఎస్-232 (సీరియల్) పోర్టుకు మోడెంను మామూలు స్ట్రెయిట్ కేబుల్‌తో కలపండి. నల్ మోడెం కేబుల్ కంప్యూటర్‌ను కంప్యూటర్‌కు కలపడానికే. మోడెం సొంతంగా తయారు చేసుకుంటున్నవాళ్లు మధ్యలో వోల్టేజీని మార్చే మ్యాక్స్3232 చిప్ తప్పక పెట్టాలి. మోడెంలోని వైఫై చిప్ ఈఎస్‌పీ8266 తట్టుకునేది 3.3 వోల్టులే. ఆర్‌ఎస్-232లో మైనస్ వోల్టేజీ కూడా వస్తుంది, నేరుగా కలిపితే చిప్ పోతుంది.

టెల్‌కామ్ తెరిచి ఎఫ్3 నొక్కి 88ఎన్1ఈ అని కొట్టండి. మొదటి 8 అంటే 9600 బాడ్ (పంపే వేగం), రెండోది అక్షరానికి 8 బిట్లు. ఎన్ అంటే ప్యారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) లేదు, 1 అంటే అక్షరం ముగిసిందని చెప్పే స్టాప్ బిట్ ఒకటి. చివరి 'ఈ' అక్షరం చాలా ముఖ్యం. యంత్రం వచ్చిన అక్షరాలను పట్టి ఉంచగలిగేది 64 మాత్రమే, తెర కదిలేలోపు అవి నిండిపోతాయి. అప్పుడు 'ఆగు' అని చెప్పే ఎక్సాన్-ఎక్సాఫ్ పద్ధతిని ఈ అక్షరం ఆన్ చేస్తుంది. మోడెంలోనూ అదే ఆన్ చేయాలి. లేకపోతే మధ్యమధ్యలో అక్షరాలు మాయమవుతాయి. మీ మోడెంలో ఆ సౌకర్యం లేకుంటే రెండు వైపులా 1200 బాడ్‌కు దిగండి. టెల్‌కామ్‌లో మొదటి అంకె 5 అవుతుంది. పది వేల అక్షరాలకు దాదాపు నిమిషంన్నర పడుతుంది, అయినా అక్షరాలు పోయే ప్రమాదం బాగా తగ్గుతుంది.

ఎఫ్4తో టర్మినల్‌లోకి వెళ్లి ఏ, టీ కొట్టి ఎంటర్ నొక్కితే ఓకే అని రావాలి. రాకపోతే బాడ్ రెండు వైపులా ఒకటేనా చూడండి.

పంపడానికి ముందు రాస్ప్‌బెరీ పైలో నెట్‌క్యాట్‌ను (నెట్‌వర్క్ మీద డేటా పంపే, అందుకునే ప్రోగ్రాం) 6400 నెట్‌వర్క్ పోర్టు మీద వినమని చెప్పి, వచ్చినదంతా ఒక ఫైలులోకి మళ్లించండి. మోడెం నుంచి రాస్ప్‌బెరీ పై నెట్‌వర్క్ చిరునామాకు, ఆ పోర్టుకు డయల్ చేయండి. కనెక్ట్ అని కనబడగానే ఎఫ్3 నొక్కి ఫైలు పేరు ఇవ్వండి. వెడల్పు అడిగితే ఉత్త ఎంటర్ నొక్కండి. అంతా వెళ్లాక పైలో నెట్‌క్యాట్‌ను ఆపేయండి.

వెనక్కి తెచ్చుకునేటప్పుడు వరుస మారుతుంది. ఈసారి నెట్‌క్యాట్‌కు దాచిన ఫైలును ఇచ్చి, అదే పోర్టు మీద వినమనండి. కనెక్ట్ కాగానే రాస్ప్‌బెరీ పై ఫైలు పంపడం మొదలుపెడుతుంది కాబట్టి డయల్ చేయకముందే ఎఫ్2 నొక్కి కొత్త ఫైలు పేరు ఇవ్వాలి. మోడెం మాటలు కూడా ఫైలు మొదట్లో చేరతాయి, తర్వాత యంత్రంలోని టెక్స్ట్ ప్రోగ్రాంలో చెరిపేయండి. అంతా వచ్చాక మళ్లీ ఎఫ్2 నొక్కాలి. ముందుగా మెనూలో ఖాళీ బైట్లు ఎన్నున్నాయో చూసుకోండి. 32కే మెమరీ ఉన్న యంత్రంలో ఫైళ్లేమీ లేకపోయినా ఖాళీ 29,638 బైట్లే.

ఈ దారిలో వెళ్లేదేదీ ఎన్‌క్రిప్ట్ కాదు. ఆ పోర్టును రౌటర్‌లో బయటి ఇంటర్నెట్‌కు తెరవకండి. పైలోకి చేరిన ఫైలును మొదటి నుంచి చివరి వరకు చదివి సరిచూసుకునేదాకా యంత్రంలోని అసలు ప్రతిని చెరపకండి.

వచ్చే పాఠంలో టాండీ డిస్క్ డ్రైవ్‌లా పనిచేసే ప్రోగ్రాంను పైలో పెడదాం.