వైర్‌లెస్ కీబోర్డు పనిచేయడం లేదా? ఈ వరుసలో చూడండి

కీబోర్డు స్పందించడం లేదనగానే చాలామంది డ్రైవర్లు (కీబోర్డును కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) తీసేస్తారు, కొందరు ఏకంగా విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసేస్తారు. అంత దూరం వెళ్లాల్సిన అవసరం దాదాపుగా రాదు. కీబోర్డు, మధ్యలో సిగ్నల్, కంప్యూటర్: ఈ మూడింటినీ ఇదే వరుసలో చూసుకుంటూ వెళ్తే లోపం ఎక్కడుందో తేలిపోతుంది.

అన్నిటికన్నా ముందు మీది ఏ రకమో చూడండి. కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టులో చిన్న డాంగిల్ పెట్టి వాడుతుంటే అది రిసీవర్ రకం. డాంగిల్ లేకుండా సెట్టింగ్స్‌లో జత చేసుకున్నారంటే బ్లూటూత్. కొన్ని మోడళ్లు రెండు విధాలా పనిచేస్తాయి.

1. కీబోర్డు అడుగున లేదా పక్కన ఉండే స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూసి, బ్యాటరీలు మార్చండి. లైటు వెలుగుతోంది కదా అని వదిలేయకండి. అది వెలగడానికి చాలినంత చార్జి సిగ్నల్ పంపడానికి చాలకపోవచ్చు. కొత్తదీ పాతదీ కలిపి వేయొద్దు. లోపల స్ప్రింగు దగ్గర తెల్లటి పొడి పేరుకుని ఉంటే పొడి గుడ్డతో తుడవండి.

2. కీబోర్డు మీద 1, 2, 3 అంకెలతో డివైస్ మార్చే మీటలు ఉంటే కంప్యూటర్‌కు కేటాయించిన అంకె నొక్కండి. పొరపాటున వేరే మీట నొక్కుకుపోతే మీరు టైప్ చేసేదంతా ఫోనుకో ట్యాబ్‌కో వెళ్తుంటుంది.

3. డాంగిల్‌ను తీసి వేరే పోర్టులో నేరుగా పెట్టండి. ఈ మెట్టు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది పట్టించుకోని కారణం ఇక్కడే ఉంది. డాంగిల్ కీబోర్డులు, బ్లూటూత్, చాలా వైఫై రౌటర్లు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే నడుస్తాయి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్‌డిస్క్‌లు, కేబుళ్లు కూడా ఆ బ్యాండ్‌లో రేడియో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ సంస్థే 2012లో ఈ విషయాన్ని వివరంగా ప్రకటించింది. సీపీయూ వెనక నీలం రంగు (యూఎస్‌బీ 3.0) పోర్టులో డాంగిల్, పక్క పోర్టులోనే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఉన్నాయనుకోండి. ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపూ అక్షరాలు ఎగిరిపోవడం, ఒకసారి నొక్కితే అదే అక్షరం నాలుగైదుసార్లు పడటం, కాపీ అయ్యాక అంతా సర్దుకోవడం జరుగుతుంటే అనుమానించాల్సింది దీన్నే. డాంగిల్‌ను ముందువైపు పోర్టుకు మార్చండి, లేదా చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో టేబుల్ మీదికి తెచ్చుకోండి. నా అనుభవంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత బాగా పనిచేసే చిట్కా మరొకటి లేదు.

4. బ్లూటూత్ కీబోర్డైతే పాత జత తీసేసి కొత్తగా కలపాలి. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ పేజీకి వెళ్లి కీబోర్డు పేరు తొలగించండి. జత చేసే మీటను లైటు గబగబా మిణుకుమనేదాకా నొక్కి పట్టి, డివైస్‌ను మళ్లీ యాడ్ చేయండి. తెరమీద అంకెలు వచ్చి టైప్ చేయమని అడిగితే వాటిని ఆ కీబోర్డు మీదే కొట్టి, ఎంటర్ నొక్కాలి. చాలామంది ఎంటర్ నొక్కకుండా ఎదురుచూస్తూ కూర్చుంటారు.

ఈ పనులకు మౌస్ చాలు. పాస్‌వర్డు కొట్టడానికే దారి లేకపోతే లాగిన్ తెర కింది కుడి మూలన యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కండి. అందులో ఆన్‌స్క్రీన్ కీబోర్డు ఉంటుంది.

5. కాసేపు వదిలేసి వచ్చాక కీబోర్డు పలకకపోతే విద్యుత్తు ఆదా సెట్టింగ్ చూడండి. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే అందులో మొదటి టిక్కు తీసేయండి. బ్లూటూత్ అడాప్టర్‌కూ ఇలాగే చేయొచ్చు.

6. మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే తప్ప అక్షరం పడటం లేదా? అది కనెక్షన్ లోపం కాకపోవచ్చు. కుడివైపు షిఫ్ట్ మీటను 8 సెకన్లు నొక్కి ఉంచితే విండోస్‌లో ఫిల్టర్ కీస్ (క్షణకాలం నొక్కిన మీటలను లెక్కచేయని సదుపాయం) ఆన్ కావచ్చు. యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయండి.

ఇంతవరకూ వచ్చినా ఫలితం లేకపోతే కీబోర్డును మరో కంప్యూటర్‌కు కలిపి చూడండి. అక్కడ పనిచేస్తే మీ కంప్యూటర్‌లో డ్రైవర్ తీసేసి రీస్టార్ట్ చేయడానికి ఇదే సమయం. అక్కడా పనిచేయకపోతే కీబోర్డో డాంగిలో పాడైనట్టే. పోయిన డాంగిల్ స్థానంలో చేతికందినదేదో పెడితే కుదరదు, ప్రతి కీబోర్డూ తన రిసీవర్‌తోనే మాట్లాడుతుంది. లాజిటెక్ యూనిఫైయింగ్ గుర్తున్న కీబోర్డులకు మాత్రం అదే గుర్తున్న వేరే రిసీవర్ తెచ్చుకుని, కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో జత చేసుకోవచ్చు.