ఎప్‌సెట్ కౌన్సెలింగ్: సీటు పోయేది వెబ్ ఆప్షన్ల దగ్గరే

తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, తల్లిదండ్రులకు ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. "మీ పాప ర్యాంకుకు ఫలానా కాలేజీలో కన్వీనర్ కోటాలోనే సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఇప్పిస్తాం, ముందు అడ్వాన్స్ కట్టండి" అంటారు. అలా ఎవరూ ఇప్పించలేరు. తెలంగాణ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నిండేవి. ర్యాంకు, రిజర్వేషన్, మీరు వెబ్‌సైట్‌లో పెట్టుకున్న ఆప్షన్ల (ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలన్న ఎంపికల) వరుస చూసి కంప్యూటరే వాటిని కేటాయిస్తుంది. మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా, కాలేజీలు నింపుకునేవి. ఏజెంటు చేతిలో ఏమైనా ఉంటే అది ఆ 30లోదే.

మొదటి మెట్లు తేలికే. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ప్రాసెసింగ్ ఫీజు కట్టాలి. ఎస్సీ, ఎస్టీలకు 600, మిగతావారికి 1,200 రూపాయలు. స్లాట్ బుక్ చేసుకుని, ఆ రోజు సర్టిఫికెట్లు పరిశీలించే హెల్ప్‌లైన్ సెంటర్‌కు ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఒక సెట్ జిరాక్స్‌లు పట్టుకెళ్లాలి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లలో ఒక్క ఏడాది కూడా ఖాళీ ఉండకూడదు, లోకల్ అవునా కాదా అన్నది తేలేది ముఖ్యంగా వాటితోనే. ఆదాయ ధ్రువపత్రం, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) సర్టిఫికెట్ ఈ ఏడాదివే ఉండాలి. మీసేవలో రద్దీ పెరగకముందే తీసుకోండి.

స్లాట్ బుక్ చేసేటప్పుడే చాలామంది పట్టించుకోని చిన్న గడి ఒకటి ఉంది, మొబైల్ నంబరు. లాగిన్ ఐడీ, ఓటీపీలు వచ్చేది ఆ నంబరుకే. ఇంటర్నెట్ సెంటర్‌లో రద్దీగా ఉన్నప్పుడు పని త్వరగా అవుతుందని అక్కడివాళ్లు తమ నంబరే కొట్టేస్తుంటారు. అన్నిసార్లూ అది మోసమే కానక్కర్లేదు. కానీ ఆ తర్వాత మీ పిల్ల సీటు తాళం వేరేవాళ్ల జేబులో ఉన్నట్టే. అమ్మదో నాన్నదో నంబరు ఇవ్వండి, కౌన్సెలింగ్ అయ్యేదాకా ఆ సిమ్ మార్చకండి. పాస్‌వర్డ్ కూడా మీరే పెట్టుకోండి. "ఆప్షన్లు మేం ఫ్రీగా పెట్టిస్తాం" అని కాలేజీ పీఆర్వో ఇంటికొస్తే టీ ఇచ్చి పంపండి, ఓటీపీ మాత్రం చెప్పకండి. అతను పెట్టే మొదటి ఆప్షన్ ఏ కాలేజీదో వేరే చెప్పాలా?

ఇక ఆప్షన్లు. "మన ర్యాంకుకు ఆ కాలేజీ రాదు, పైన పెడితే ఆప్షన్ వేస్ట్" అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. అందులో నిజం లేదు. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి కిందికి చూస్తుంది. మొదటిది మీ కేటగిరీలో ఖాళీ లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. పైన రాని కాలేజీలు పది ఉన్నా మీకు పోయేదేమీ లేదు. నిజమైన నష్టం రెండు చోట్ల ఉంది. నచ్చిన దాన్ని కింద, వస్తుందనుకున్న దాన్ని పైన పెడితే ఆ పైదే వస్తుంది, కిందిది ఖాళీగా ఉన్నా సరే. పదో పదిహేనో ఆప్షన్లు పెట్టి ఊరుకుంటే అసలు సీటే రాకపోవచ్చు. గత ఏడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి చివరి ర్యాంకు ఎంతో వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. దాన్ని చూసి జాబితా ఎంత కిందిదాకా వెళ్లాలో తేల్చుకోండి, వరుస మాత్రం మీ ఇష్టం ప్రకారమే ఉండనివ్వండి.

ముందు కాగితం మీద కోడ్‌లతో సహా రాసుకుని, తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చోండి. జేఎన్‌టీహెచ్ అంటే కూకట్‌పల్లి క్యాంపస్, జేఎన్‌టీఎస్ అంటే సుల్తాన్‌పూర్. తేడా ఒక్క అక్షరమే. సీఎస్ఈ వేరు, సీఎస్ఎం (ఏఐ, మెషీన్ లెర్నింగ్) వేరు, సీఎస్‌డీ (డేటా సైన్స్) వేరు. పక్కనే ఫీజు కూడా రాయండి. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన) విద్యార్థులకు ర్యాంకు 10 వేలు దాటితే ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ మామూలుగా ఏడాదికి 35 వేల దగ్గర ఆగుతుంది. కాలేజీ ఫీజు లక్ష దాటితే మిగతాది ఏటా ఇంట్లోంచే కట్టాలి. నాలుగేళ్ల లెక్క ఇప్పుడే వేసుకుంటే మంచిది.

సేవ్ చేశాక ప్రింట్ తీసి, చేత్తో రాసిన కాగితంతో సరిచూడండి. 2025లో మాక్ అలాట్‌మెంట్ (నమూనా సీట్ల కేటాయింపు) ఇచ్చి, ఆ తర్వాత ఆప్షన్లు మార్చుకునే వీలు కల్పించారు. అలాంటి అవకాశం ఉంటే వదలకండి. ఆప్షన్లు ఫ్రీజ్ (ఖరారు) అయ్యాక మాత్రం మార్పులు ఉండవు.

సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే సీటు తీసుకుంటున్నామని వెబ్‌సైట్‌లోనే ధ్రువీకరించాలి. తమకు ఫీజు సున్నా అని కనిపించినవాళ్లు "మనకు కట్టేదేం లేదుగా" అని ఊరుకుంటారు. సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే వాళ్ల సీటూ రద్దే.

ఆ తర్వాత రెండో విడత. హెల్ప్‌లైన్ సెంటర్ బయట ఎక్కువ ఏడుపులు దీనివల్లే. పాత ఆప్షన్లు ఇక్కడ పనికిరావు, మళ్లీ కొత్తగా ఇవ్వాలి. అందుకని కొందరు పాత జాబితానే మొత్తం మళ్లీ ఎక్కించేస్తారు, వచ్చిన సీటు కంటే కింద ఉన్నవాటితో సహా. మొదటి విడతలో ఒక కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చిందనుకోండి. రెండో విడతలో ఇంకో కాలేజీలో ఏది వచ్చినా పాత ఈసీఈ దానంతట అదే రద్దయి, అప్పటికప్పుడు వేరొకరికి వెళ్లిపోతుంది. బతిమాలినా, దరఖాస్తు పెట్టినా తిరిగి రాదు. కాబట్టి చేతిలో ఉన్నదానికంటే కచ్చితంగా మెరుగని మీరు అనుకున్నవే పెట్టండి, మూడే ఉంటే మూడే. అవి రాకపోతే పాత సీటు అలాగే ఉంటుంది, టెన్షన్ పడక్కర్లేదు. ఉన్న సీటుతో తృప్తిగా ఉంటే ఈ విడతలో అసలు ఆప్షన్లే ఇవ్వకండి.

కాలేజీకి వెళ్లి చేరేది చివరి విడత అయ్యాకే. "ముందే ఒరిజినల్స్ ఇచ్చేయండి, సీటు పక్కా చేస్తాం" అని ఎవరైనా అడిగితే ఇవ్వకండి. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం కాలేజీలు ఒరిజినల్స్ చూసి వెనక్కి ఇవ్వాలి, దగ్గర పెట్టుకోకూడదు. చేరేటప్పుడు టీసీ (ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్) మాత్రం ఇవ్వాల్సిందే. ఇచ్చేముందు దానికి రెండు మూడు జిరాక్స్‌లు తీసుకుని, కాలేజీ నుంచి రసీదు అడిగి తీసుకోండి.