యానిమే కన్వెన్షన్‌లో ఒక రోజు: మధ్యాహ్నం బయటపడే తిప్పలు, వాటి పరిష్కారాలు

మాది గాజువాక. యానిమే, అదే జపాన్ కార్టూన్ సిరీస్‌లు, సినిమాలు, నాకు ప్రాణం. వాటి అభిమానులంతా కలిసే సభే కన్వెన్షన్. అక్కడ చాలామంది నచ్చిన పాత్రలా వేషం వేసుకుంటారు, దాన్నే కాస్ప్లే అంటారు. నాతో వచ్చే స్నేహితురాలికి అదంతా కొత్త, నా కోసమే వస్తుంది. ఇద్దరం కలిసి వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి చెడింది. చెడిన ప్రతిదానికీ కారణం వెతికితే తేలింది ఒకటే: మధ్యాహ్నం రెండింటికి హాల్లో కనిపించే ఇబ్బంది చాలాసార్లు ముందు రోజు రాత్రి ఇంట్లోనే మొదలై ఉంటుంది. అందుకే కింద అప్పటికప్పుడు ఏం చేయాలో, మళ్లీ రాకుండా ఏం చేయాలో రెండూ రాస్తున్నాను. మొదటిసారి వెళ్తున్నవాళ్లు హాల్లో కాకుండా వారం ముందే చదువుకుంటే మంచిది.

విగ్గు వెనక్కి జారిపోతోంది

ఉదయం పదింటికి అద్దంలో అంతా బాగానే ఉంటుంది. పన్నెండు అయ్యేసరికి నుదుటి దగ్గర అంచు పైకి లేచి, లేత నీలం విగ్గు కింద నుంచి మన నల్ల జుట్టు కనిపిస్తుంది. ముందుకి లాగుతాం, పది నిమిషాల్లో మళ్లీ జారుతుంది. సైజు తప్పేమో అనుకుంటాం.

నా విషయంలో తప్పు సైజుది కాదు, కొబ్బరినూనెది. "రేపంతా ఎండలో తిరుగుతావు" అని ముందు రోజు రాత్రి అమ్మ ప్రేమగా తలకి నూనె పెట్టింది. నూనె జుట్టు మీద, విగ్గు కింద వేసుకునే నైలాన్ క్యాప్ పట్టు నిలవదు. దానికి మన విశాఖ చెమట తోడైతే క్యాప్, దాని మీద విగ్గు కలిసి వెనక్కి నడుస్తాయి. ఇంకో కారణం జడ. పొడవు జుట్టంతా వెనకాల ముడి వేసేస్తే ఆ బరువు, ఆ ఎత్తు విగ్గుని వెనక్కే లాగుతాయి.

అప్పటికప్పుడైతే వాష్‌రూమ్‌కి వెళ్లి విగ్గు, క్యాప్ రెండూ తీసేయండి. నుదుటి చుట్టూ, చెవుల వెనక టిష్యూతో బాగా అద్ది కొంచెం పౌడర్ రాయండి. నూలు చేతిరుమాలుని మూడు వేళ్ల వెడల్పు పట్టీలా మడిచి తల చుట్టూ కట్టి, దాని మీద క్యాప్ వేయండి. నూలుగుడ్డకి జుట్టు మీదా పట్టు ఉంటుంది, నైలాన్ మీదా ఉంటుంది. పిన్నులు ఒక్కొక్కటిగా కాకుండా రెండేసి అడ్డంగా, ఇంటూ గుర్తులా పెట్టండి.

ఇంకోసారి ముందు రోజే తలంటుకుని, నూనె లేకుండా రెండు జడలు బిగించి వేసుకోండి. కుడి జడని ఎడమవైపుకి, ఎడమ జడని కుడివైపుకి తల చుట్టూ చదునుగా తిప్పి పిన్నులు పెడితే ముడి అనేదే ఉండదు. అమ్మకి మాత్రం ముందే చెప్పండి, లేకపోతే నూనె గిన్నెతో వచ్చేస్తుంది.

మెడ దగ్గర విగ్గు చిక్కుపడటానికి కారణం అది కాలరుకి రాసుకోవడం. వెడల్పు పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రండి. స్ప్రే బాటిల్ నీళ్లలో ఒక మూత బట్టల కండిషనర్ కలిపి చల్లితే వెంట్రుకలు విడిపోతాయి. మామూలు విగ్గులు ప్లాస్టిక్ పోగులే కాబట్టి స్ట్రెయిట్‌నర్ తగిలితే కరిగి ముద్దవుతాయి.

భుజం మీది కవచం ఊడిపోయింది

ఫోమ్ షీట్‌తో చేసిన ముక్కలు అతుకు దగ్గర నోరు తెరిస్తే, వాడిన జిగురుని బట్టి కారణం రెండు రకాలు. గ్లూ గన్‌తో అతికిస్తే ఆ జిగురు వేడికి మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన స్కూటీ డిక్కీలో గంట ఉంటే చాలు. చెప్పుల షాపుల్లో వాడే పసుపు గమ్‌తో అతికిస్తే తొందరపడి ఉంటారు. అది రెండు ముక్కలకీ పూసి, వేలికి అంటనంతగా ఆరాక, అప్పుడు గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగా కలిపేస్తే లోపల ఆరక, కదిలించగానే విడిపోతుంది.

హాల్లో అయితే నల్ల కరెంటు టేపు లోపలివైపు నుంచి వేయండి, గుడ్డ తగిలేచోట సేఫ్టీ పిన్ను. మీ దగ్గర లేకపోతే కాస్ప్లే వేసుకున్న ఎవరినైనా అడగండి. నేను అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు తమ పని ఆపుకొని కూర్చుని మరీ కుట్టిపెట్టారు. ఈ సభల్లో నాకు అన్నింటికంటే నచ్చేది అదే.

కత్తి గేటు దగ్గర ఆపేస్తే మాత్రం వాదించవద్దు. ఇనుప రేకుతో చేసినది, మొన తేలినది లోపలికి పంపరు, పంపకపోవడమే సరి. పీవీసీ గొట్టం మీద ఫోమ్ చుట్టి, మొన గుండ్రంగా కోసి చేసుకోండి.

బస్సులో అందరూ చూస్తున్నారు

ఎర్ర మబ్బుల నల్ల అంగీతో గాజువాకలో సిటీ బస్సు ఎక్కితే ఎవరైనా చూస్తారు. నాకు ఫర్వాలేదు కానీ పక్కన కూర్చున్న తనకి టెన్షన్. ఆర్టీసీ కాంప్లెక్స్ వచ్చేవరకు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. కారణం జనం కాదు, ఇంట్లోనే మొత్తం వేషం వేసుకుని బయల్దేరడం. టోక్యోలో 1975 డిసెంబరులో సుమారు 700 మందితో మొదలై ఇప్పుడు లక్షల మంది వచ్చే కామిక్స్ పుస్తకాల సంత కామికెట్‌లో ఇందుకో నియమమే ఉంది: వేషంతో రాకూడదు, వేషంతో వెళ్లకూడదు, అక్కడికి వచ్చాకే మార్చుకోవాలి. మనమూ అదే చేద్దాం. ఇంటి నుంచి మామూలు చుడీదార్‌లో వెళ్లి, విగ్గూ అంగీ అక్కడ వేసుకుంటే సగం చెమట కూడా తప్పుతుంది.

తలనొప్పి, కళ్లు తిరగడం

విశాఖ ఎండ అంకెల్లో మరీ ఎక్కువ కనిపించదు. సముద్రపు గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అందుకే ఇక్కడ మందపాటి అంగీ వేసుకుంటే లోపల ఉడికిపోతాం. అయితే అసలు కారణం చాలామంది ఆడపిల్లలు పైకి చెప్పనిది: ఆ వేషంతో బాత్రూమ్‌కి వెళ్లడం కష్టమని ఉదయం నుంచి నీళ్లు తాగకపోవడం. నేనూ అదే చేశాను. ఒంటిగంటకి మెట్ల మీద కూలబడ్డాను.

వెంటనే విగ్గు, పై అంగీ తీసేసి ఫ్యాను కింద కూర్చోండి. ఓఆర్ఎస్ గానీ, ఉప్పేసిన మజ్జిగ గానీ, కొబ్బరి నీళ్లు గానీ కొద్దికొద్దిగా తాగండి. స్నేహితురాలు తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, వాంతులు ఆగకపోయినా అది వడదెబ్బ కావచ్చు. తడిగుడ్డతో తుడుస్తూ 108కి ఫోన్ చేయండి, కాసేపు చూద్దామని ఆగకండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే దర్జీకి కుట్టడానికి ఇచ్చేటప్పుడే చెప్పాలి: నడుము దగ్గర వెల్క్రో కావాలి, లైనింగ్ నూలుది కావాలి, ఒక్కరే విప్పుకునేలా ఉండాలి. మా దర్జీ బాబాయ్ ముందు వింతగా చూసినా, పక్క కుట్టు విప్పి అరగంటలో వెల్క్రో వేసి ఇచ్చారు.

కన్ను ఎర్రబడింది

రంగు లెన్స్ పెట్టుకుని మంట పుడుతుంటే ఫొటో అయ్యేదాకా ఓర్చుకోకండి. చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని తీసేయండి. కుళాయి నీళ్లతో గానీ, తాగే నీళ్లతో గానీ లెన్స్ కడగకూడదు. నీళ్లలోని సూక్ష్మజీవులు కంటిలోపల చేరితే చూపుకే ప్రమాదం. స్నేహితురాలితో మార్చుకోవడం ఎంత మాత్రం వద్దు. ఎరుపు, నొప్పి తగ్గకపోతే ఆ సాయంత్రమే కంటి డాక్టరుకి చూపించండి. అసలు కొనేముందే డాక్టరు చేత కొలత తీయించుకోవాలి.

"ఏటే, ఇంకా ఎంతసేపు?"

అన్నింట్లోకీ నాకు బాధ కలిగించినది ఇదే. మధ్యాహ్నం దాటాక తను గోడ పక్కన నేల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. అడిగితే "ఏం లేదే, నువ్వు తిరుగు" అంది. ఆ "ఏం లేదు" అంటే ఏంటో పదేళ్ల స్నేహం ఉన్నవాళ్లకి తెలుసు.

తనకి యానిమే నచ్చలేదని అనుకున్నాను. కాదు. ఉదయం నుంచి నేను కలిసిన ప్రతివాళ్లతో పాత్రల పేర్లు, ఎపిసోడ్ల గొడవే మాట్లాడాను. వాటిల్లో ఒక్కటీ తనకి తెలియదు. పైగా తన పనంతా నా సంచి మోయడం, నా ఫొటోలు తీయడం. నేను తనని తోడు తీసుకెళ్లలేదు, సాయానికి తీసుకెళ్లాను.

అప్పటికప్పుడు నేను చేసింది: విగ్గు తీసి సంచిలో పెట్టి, "గంటసేపు నువ్వెక్కడికంటే అక్కడికి" అన్నాను. తను నేరుగా బొమ్మలు గీసి అమ్ముకునే పిల్లల బల్లల దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ ఒక అమ్మాయి పెన్ను ఎత్తకుండా ఒకే గీతలో పిల్లి బొమ్మ వేస్తోంది. వీపు దగ్గర గీత సన్నబడి, తోక చివర మళ్లీ లావెక్కింది. చిన్నప్పటి నుంచి మా వీధిలో సంక్రాంతి ముగ్గులన్నీ తనే వేస్తుంది, గీత విలువ తనకి తెలుసు. పావుగంట నిలబడి చూసింది, రెండు స్టిక్కర్లు కొంది, ఆ అమ్మాయిని ఏ పెన్ను వాడుతున్నావని అడిగింది. నేను అన్నిసార్లు ఆ బల్ల ముందు నుంచి నడిచాను గానీ ఒక్కసారీ ఆగలేదు.

మళ్లీ రాకుండా ఉండాలంటే వారం ముందే మొదలుపెట్టండి. కొత్తవాళ్లకి పెద్ద సిరీస్ చూడమని చెప్పకండి. నరుటో అనే సిరీస్ మొదటి భాగమే 220 ఎపిసోడ్లు, ఆ తరువాత భాగం ఇంకో 500, ఎవరికైనా భయమేస్తుంది. ఒక సినిమా చాలు. 1988లో వచ్చిన మై నైబర్ టొటోరో గంటన్నర కూడా ఉండదు. ఆదివారం ఇద్దరూ కలిసి చూస్తే మర్నాడు మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. హాల్లో ఏమేం ఉంటాయో ముందే చెప్పి, తను చూడాలనుకున్నవి రెండు, మీవి రెండు ఎంచుకోండి. ఎన్నింటికి వెనక్కి బయల్దేరాలో కూడా ముందే అనుకోండి. బయల్దేరే టైము తెలిస్తే మనిషి నెమ్మదిగా ఉంటుంది.

ఫోన్ పని చేయడం లేదు, తను కనిపించడం లేదు

ఒకే హాల్లో వేలమంది ఉంటే సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా డేటా కదలదు. యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, టికెట్ క్యూఆర్ తెరుచుకోదు. టికెట్ స్క్రీన్‌షాట్ ముందే తీసుకోండి, చిల్లరతో కలిపి కొంత నోట్లు దగ్గర ఉంచుకోండి. తప్పిపోతే కలవడానికి ఒక చోటు అనుకోండి. "స్టేజి దగ్గర" అంటే కుదరదు, అందరూ అక్కడే ఉంటారు. తాగే నీళ్ల డ్రమ్ము పక్కన, లేదా ఫలానా గేటు ఎడమ స్తంభం దగ్గర, గంట గంటకీ అని చెప్పుకోండి.

అడగకుండా ఫొటోలు తీస్తున్నారు

వేషం వేసుకుంది చూడటానికే కదా అనుకునేవాళ్లు ఉంటారు. అడగకుండా తీయడం, భుజం మీద చేయి వేయడం రెండూ తప్పే. అరచేయి అడ్డం పెట్టి "అడిగి తీయండి" అని గట్టిగా చెప్పండి. ఆపకపోతే పక్కనున్న వాలంటీరుకి ఆ మనిషిని చూపించండి. ఇక్కడ స్నేహితురాలు పక్కన ఉండటం చాలా ధైర్యం. మనమూ ఇంకొకరి ఫొటో అడిగే తీయాలి. వాళ్లు తింటున్నప్పుడు, విగ్గు సర్దుకుంటున్నప్పుడు అస్సలు వద్దు.

కొన్న వస్తువు బాగాలేదు

అక్రిలిక్ కీచెయిన్ గీతలు పడి మసకగా కనిపిస్తే వెంటనే స్టాల్‌కి వెళ్లి గొడవపడకండి. దానికి రెండువైపులా పల్చటి రక్షణ పొర ఉంటుంది. అంచు దగ్గర గోటితో గీరితే లేచి వస్తుంది, కింద అద్దంలా ఉంటుంది. పోస్టరు మడతపడితే మళ్లీ సాఫు కాదు, కాబట్టి ప్లంబింగ్ షాపులో రెండడుగుల పీవీసీ గొట్టం ముక్క కొని తీసుకెళ్లండి. బొమ్మ మరీ చవగ్గా దొరికి, ఘాటైన ప్లాస్టిక్ వాసన వస్తూ, కనుబొమ్మల రంగు గీత దాటి ఉండి, పెట్టె మీద తయారీ సంస్థ పేరు లేకపోతే అది నకిలీ. అక్కడే పెట్టేసి రండి.

బయటికి రాగానే కెమెరా మసకబారింది

ఏసీ హాల్లోంచి బీచ్ రోడ్డు మీదికి రాగానే కళ్లద్దాలు, ఫోన్ లెన్స్ పొగమంచు పట్టినట్టవుతాయి. చల్లటి గాజు మీద తడిగాలి నీళ్లుగా మారడమే కారణం. చున్నీతో తుడిస్తే మరకలవుతాయి, పైగా మళ్లీ పడుతుంది. ఫోన్ సంచిలోనే ఉంచి పది నిమిషాలు ఆగండి, గాజు వెచ్చబడితే అదే పోతుంది. మేం ఆ పది నిమిషాల్లో కుర్సురా సబ్‌మెరైన్ ఎదురుగా గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తిన్నాం. ఆ రోజు అన్నింటికంటే మంచి ఫొటో ఆ తరువాత తీసుకున్నదే. విగ్గులు లేవు, జుట్టంతా రేగిపోయి ఉంది.

నల్ల అంగీ మీద తెల్ల చారలు

మర్నాడు చంకల దగ్గర, వీపు మీద కనిపించే తెల్ల చారలు చెమట ఉప్పు. వేడినీళ్లు, సబ్బుతో మొదలుపెట్టకండి. ముందు చన్నీళ్లలో అరగంట నానబెడితే ఉప్పు కరిగిపోతుంది, తరువాత కొద్ది సబ్బుతో చేత్తో ఉతికి, లోపలివైపు బయటికి తిప్పి నీడలో ఆరేయండి. మెరిసే గుడ్డ అయితే పిండకుండా నీళ్లు ఓడేలా వేలాడదీయండి. విగ్గుని కూడా చన్నీళ్లలో ఒక మూత షాంపూ వేసి ముంచి, తువ్వాలుతో అద్ది, ఏదైనా పెద్ద డబ్బా మీద బోర్లించండి. వాన రోజుల్లో పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పడుతుంది, అప్పటిదాకా కవర్లో పెట్టకండి.