రోములో యాత్రికుడి చూపు – 4వ పాఠం: తాళం చెవులు లేని పేతురు

మూడో పాఠం చదివి రోము వెళ్లినవాళ్లలో చాలామంది ఒకే చోట ఇరుక్కుపోయారు. సాంతి కోస్మా ఎ దమియానో చర్చిలో ఆప్స్ ముందు, అంటే బలిపీఠం వెనక అర్ధవృత్తంగా ఉండే బొమ్మల గోడ ముందు నిలబడి, ఏ పునీతుడిని ఏ వస్తువుతో గుర్తుపట్టాలో నేనిచ్చిన పట్టిక చేతిలో పెట్టుకుని, పేతురు తాళం చెవుల కోసం వెతికారు. దొరకలేదు. పౌలు కత్తి కోసం వెతికారు, అదీ లేదు. చేతిలో కిరీటం ఉన్న ఇంకొకాయన్ని చూసి, ఈయన దావీదు రాజేనా అని ఒకరు అడిగారు. ఇంకొకరు అరగంట చూసి ఏమీ అర్థంకాక, తనకు భక్తి చాలలేదేమో అనుకుని బయటికి వచ్చేశారట. ఆ ఒక్క వాక్యం నన్ను వారం రోజులు వదల్లేదు. అందుకే ఈసారి తలుపుల మీది శిల్పాల పాఠం పక్కనపెట్టి, మళ్లీ ఆప్స్ దగ్గరికే వస్తున్నాను.

తప్పు నాది. ఆ పట్టిక ఎక్కువగా మధ్యయుగపు చివరి బొమ్మలకూ, ఆ తర్వాతి వాటికీ పనికొస్తుంది. మేకుల చక్రం పక్కన ఉంటే కేథరిన్, ఇనుప చట్రం ఉంటే లారెన్స్, చేతిలో కత్తి ఉంటే పౌలు. ఇవన్నీ నిజమే. కానీ కోస్మా ఎ దమియానో మొజాయిక్ (చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మ) నాలుగో ఫెలిక్స్ పోపు కాలంలో, అంటే 526–530 మధ్య చేసింది. అప్పటికి పౌలు చేతికి కత్తి రాలేదు. పేతురుకు తాళం చెవులు ఇచ్చే బొమ్మలు ఉన్నా, ప్రతిచోటా ఇవ్వాలన్న నియమం లేదు. ఈ సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది.

మరి అప్పటివాళ్లు ఎలా గుర్తుపట్టేవారు? ముఖం చూసి. నాలుగో శతాబ్దం నుంచే రోములో ఈ ఇద్దరి ముఖాలూ స్థిరపడిపోయాయి. పేతురుకు తెల్లని ఒత్తైన పొట్టి జుట్టు, గుండ్రంగా కత్తిరించినట్టున్న గడ్డం. పౌలుకు ముందు బట్టతల, నల్లని గడ్డం, అది కిందికి కోసుగా దిగుతుంది. మన ఇళ్లల్లో తాతయ్య ఫోటో చూసి పేరు చదవనక్కర్లేకుండా పోల్చుకుంటామే, అలా పోల్చుకోవాలి. నేనైతే ముందు గడ్డమే చూస్తాను. జుట్టు రంగు మరమ్మతుల్లో మారవచ్చు, దుస్తులు ఇద్దరికీ తెల్లగానే ఉంటాయి, గడ్డం ఆకారం మాత్రం దాదాపు మోసం చేయదు.

ఇప్పుడు అదే ఆప్స్ ముందు మళ్లీ నిలబడండి. ముదురు నీలం ఆకాశం. ఎర్రగా, నీలంగా సూర్యోదయపు మబ్బులు. వాటి మీద బంగారు వస్త్రంలో క్రీస్తు దిగివస్తున్నాడు. మనకు ఎడమవైపు ఉన్నాయన బట్టతల, కోసు గడ్డం: పౌలు. మనకు కుడివైపు ఉన్నాయన తెల్లజుట్టు: పేతురు. వాళ్లిద్దరూ ఒక్కొక్కరిని క్రీస్తు దగ్గరికి తీసుకొస్తున్నారు. కిరీటాలతో వస్తున్న ఆ ఇద్దరే కోస్మాస్, దమియాను, డబ్బు తీసుకోకుండా వైద్యం చేసిన అన్నదమ్ములు. ఆ కిరీటాలు రాజులవి కావు, హతసాక్షులవి, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లవి. చర్చి నమూనా పట్టుకుని ఎడమ చివర ఉన్నది ఫెలిక్స్ పోపు. ఆయన బొమ్మ మాత్రం 17వ శతాబ్దంలో మళ్లీ చేసింది, కాబట్టి ఆ ముఖంలో ఆరో శతాబ్దాన్ని వెతకకండి. కుడి చివర పునీత తెయొదోరు.

ఇక్కడే మీలో సగంమంది అభ్యంతరం చెప్పారు: "క్రీస్తుకు కుడివైపు గౌరవస్థానం కదా, అక్కడ పేతురు ఉండాలి కదా, మరి ఎడమవైపున ఉన్నాయన పేతురు కాడా?" ఈ ప్రశ్నలో రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వీటిని విడదీయకుండా ముందుకు వెళ్లను.

మొదటిది, ఎవరి కుడి? మన కుడి వేరు, బొమ్మలో ఉన్న క్రీస్తు కుడి వేరు. ఆయన మనవైపు తిరిగి ఉన్నాడు కాబట్టి ఆయన కుడిచేయి మనకు ఎడమవైపు వస్తుంది. వినడానికి చిన్నపిల్లలకు చెప్పినట్టు ఉంటుంది, నిజమే. కానీ ఎన్నో గైడు పుస్తకాల్లో "క్రీస్తు కుడివైపున" అని రాసి, అది ఆయన కుడో చూసేవాడి కుడో చెప్పకుండా వదిలేస్తారు. ఒకే పుస్తకంలో ఒక పేజీలో ఒకలా, మరో పేజీలో ఇంకోలా రాసినవి కూడా చూశాను. యాత్రికుడు గంటలకొద్దీ ప్రయాణం చేసి వచ్చి, ఆ ఒక్క మాట వల్ల పునీతుల పేర్లన్నీ తలకిందులుగా రాసుకుని వెళ్లిపోతాడు. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం.

ఒక పని చేయండి. ఆప్స్‌కు వీపు పెట్టి, ద్వారం వైపు తిరిగి నిలబడండి. మీ కుడిచేయి కొంచెం పైకెత్తండి. ఆ చేయి ఏ గోడవైపు ఉందో చూసుకోండి. అదే క్రీస్తు కుడి. మళ్లీ ఆప్స్ వైపు తిరిగాక కూడా ఆ గోడనే గుర్తుపెట్టుకోండి. సిస్టీన్ చాపెల్‌లో మికెలాంజెలో అంతిమ తీర్పు (1536–1541) చూసేటప్పుడు ఇదే పనిచేస్తుంది: రక్షణ పొందినవాళ్లు మనకు ఎడమవైపు పైకి లేస్తారు, పడిపోయేవాళ్లు మనకు కుడివైపు కిందికి జారతారు. మత్తయి సువార్త 25లో గొర్రెలు కుడివైపు, మేకలు ఎడమవైపు. ఆ కుడి తీర్పరిది. సాన్ క్లెమెంతెలో సిలువ పక్కన మరియ తల్లి మనకు ఎడమవైపు ఉంటుంది, అంటే తన కొడుకు కుడిచేతి వైపు. ఇక నుంచి మీ నోట్సులో కుడి, ఎడమ అని ఉత్తినే రాయకండి. "క్రీస్తు కుడి" అనో, "నా ఎడమ" అనో రాయండి. అలా రాయని నోట్సు నేను సరిచూడలేకపోతున్నాను. పోయినసారి వచ్చినవాటిలో కొన్నింటిని చదివి, ఏది ఏ పక్కో తేల్చుకోలేక పక్కన పెట్టాల్సి వచ్చింది.

రెండో తప్పు: పేతురు ఎప్పుడూ గౌరవస్థానంలోనే ఉంటాడని ముందే అనేసుకోవడం. రోము పాత ఆప్స్‌లలో క్రీస్తు కుడివైపు పౌలు ఉండడం మామూలు. 400 ప్రాంతానికి చెందిన సాంతా పుదెన్సియానాలో అంతే. సాంతి కోస్మా ఎ దమియానోలో అంతే. సాంతా ప్రస్సెదెలో అంతే. సాన్ క్లెమెంతెలో ఆప్స్ చుట్టూ ఉన్న తోరణం మీద కూడా పౌలు, లారెన్స్ మన ఎడమన, పేతురు, క్లెమెంతు మన కుడిన ఉంటారు. సాంతా మరియా మజ్జోరెలో 13వ శతాబ్దం చివర యాకొపొ తొర్రితి చేసిన ఆప్స్‌లో మాత్రం పేతురు, పౌలు ఇద్దరూ ఒకే వైపున ఉన్నారు. దీనివల్ల పేతురు తగ్గిపోయాడని అనుకోనక్కర్లేదు. రోము సంఘం వీళ్లిద్దరినీ జంటగానే తలుచుకుంటుంది, ఇద్దరి పండుగా జూన్ 29నే. ముందు స్థానం చూసి పేరు పెట్టకండి. ముందు ముఖం చూడండి, ఆ తర్వాత స్థానం గురించి ఆలోచించండి.

సాన్ క్లెమెంతె మాట వచ్చింది కాబట్టి ఒక ఊరట. అది 12వ శతాబ్దపు పని, అక్కడ పట్టిక మళ్లీ పనిచేస్తుంది: లారెన్స్ పాదాలు ఇనుప చట్రం మీద ఉంటాయి, క్లెమెంతు చేతిలో లంగరు ఉంటుంది. మీరు నేర్చుకున్నది వృథా కాలేదు.

ఇక ఆప్స్‌ను ఏ వరుసలో చూడాలి? పుస్తకాలు క్రీస్తు ముఖంతో మొదలుపెట్టమంటాయి. నేను కిందినుంచి మొదలుపెడతాను, మీరూ అలాగే చేయాలని నా కోరిక. బొమ్మ అడుగున ఒక గొర్రెల వరుస ఉంటుంది: ఇటు ఆరు, అటు ఆరు, రెండు పట్టణాల నుంచి నడిచి వస్తుంటాయి. ఒకటి బెత్లెహేము, ఇంకొకటి యెరూషలేము. మధ్యలో చిన్న కొండ, దాని మీద గొర్రెపిల్ల, కొండలోంచి నాలుగు నదులు. ఆ గొర్రెపిల్ల సరిగ్గా బలిపీఠం పైన పడుతుంది. ప్రార్థనలో "దేవుని గొర్రెపిల్లా" అంటున్నప్పుడు మీ కళ్లు ఎక్కడ ఉండాలో ఆ మొజాయిక్ చేసినవాళ్లు ముందే చూసుకున్నారు. అక్కడినుంచి పైకి వెళితే, క్రీస్తు పాదాల దగ్గర నీళ్లు, వాటి పక్కన యొర్దాను అని లాటిన్‌లో రాసి ఉంటుంది. అంటే కింద బలిపీఠం, ఆపైన గొర్రెపిల్ల, ఆపైన బాప్తిస్మపు నది, ఆపైన మబ్బుల మీద వస్తున్న ప్రభువు. మీరు నేలమీద నిలబడ్డ చోటునుంచి ఒకే నిలువుగీత. పైనుంచి మొదలుపెడితే ఈ గీత కనబడదు, అందమైన ముఖం దగ్గరే ఆగిపోతాం. నేను మొదటి రెండు యాత్రల్లో అలాగే ఆగిపోయాను.

కోస్మా ఎ దమియానోలో ఒక చిక్కు ఉంది. 1632లో ఎనిమిదో ఉర్బన్ పోపు కాలంలో నేలను బాగా పైకెత్తారు. అందుకే బొమ్మ మీదకు వచ్చేసినట్టు, మనుషులు మరీ పెద్దగా ఉన్నట్టు అనిపిస్తుంది. అప్పటి మార్పుల్లో తోరణం అంచులు పోయాయి. ప్రకటన గ్రంథంలోని 24 మంది పెద్దల్లో కిరీటాలు పట్టుకున్న చేతులు తప్ప దాదాపు ఏమీ మిగల్లేదు. అందుకే ఆ చర్చి చూసిన రోజే సాంతా ప్రస్సెదెకు వెళ్లమంటాను. ఒకటో పాస్కాల్ పోపు (817–824) సుమారు 300 ఏళ్ల తర్వాత కోస్మా ఎ దమియానో ఆప్స్‌ను చూసే అక్కడ తన ఆప్స్ చేయించాడు. అక్కడ పెద్దలు నిండుగా ఉన్నారు. మొదటి చోట తెగిపోయిన చేతులకు రెండో చోట మనుషులు దొరుకుతారు. పేతురు, పౌలు పక్కనున్న స్త్రీల భుజాల మీద చేయి వేసి తీసుకురావడం కూడా అక్కడ చూడండి. ఆ చేయి కోసమే నేను ఎన్నిసార్లైనా వెళతాను.

పాస్కాల్ తల వెనక నలుచదరపు కాంతివలయం ఉంటుంది. బొమ్మ చేసేనాటికి ఆయన బతికి ఉన్నాడని దాని అర్థం. సాంతా చెచీలియాలోనూ, సాంతా మరియా ఇన్ దోమ్నికాలోనూ ఆయన్ని ఇదే గుర్తుతో చూస్తారు. దోమ్నికాలో అయితే మరియ తల్లి పాదం పట్టుకుని మోకాళ్ల మీద ఉన్నాడు. ప్రస్సెదెలోని జెనో చాపెల్‌లో ఆయన తల్లి తెయొదోరాకూ చదరపు వలయమే. దీన్ని తిరగేసి మాత్రం వాడకండి: చదరం లేదు కాబట్టి ఆయన చనిపోయాడు అనడానికి లేదు. తొర్రితి ఆప్స్‌లో చిన్నగా మోకరించిన నాలుగో నికోలస్ పోపు తల వెనక ఏ వలయమూ ఉండదు.

వెళ్లే ముందు కొన్ని మాటలు. చాలా చర్చిలు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు, కాబట్టి ఉదయమే వెళ్లండి. భుజాలు, మోకాళ్లు కప్పుకోండి. ఆప్స్ వెలిగించే లైటుకు నాణెం వేసే పెట్టె ఉంటుంది, యూరో చిల్లర దగ్గర పెట్టుకోండి. కానీ లైటు వేసే ముందు పది నిమిషాలు చీకట్లోనే చూడండి. బంగారు గాజు ముక్కలు కొద్ది వెలుతురులో, మనం కదిలినప్పుడు మెరవడానికే ఒక్కో కోణంలో అతికించి ఉంటాయి. బల్బు వెలిగితే అంతా ఒకేసారి చదునైపోతుంది. కెమెరా బదులు చిన్న బైనాక్యులర్ తీసుకెళ్లమని నా సలహా. ఫోన్‌లో జూమ్ చేస్తే గడ్డాలు కనబడతాయి కానీ నిలువుగీత పోతుంది.

అభ్యాసం ఒక్కటే, కొంచెం కష్టమైనదే. సాంతా ప్రస్సెదెలో గంటసేపు కూర్చోండి. రోములో లేనివాళ్లు ఆప్స్ మొత్తం కనబడే పెద్ద ఫోటో ముందు కూర్చోండి. ఫోటో తీయకుండా, ఒక తెల్లకాగితం మీద అర్ధవృత్తం గీసి, కిందినుంచి పైకి ఉన్నదంతా చోటు చోటున రాయండి: గొర్రెలు, పట్టణాలు, నది, పాదాలు, మనుషులు, చెట్లు, పెద్దలు. ఖర్జూర చెట్టు మీద కూర్చున్న పక్షిని కూడా వదలకండి, అది ఏ చెట్టు మీద ఉందో, క్రీస్తు కుడివైపో ఎడమవైపో రాయండి. తర్వాత కాగితం మడిచి, ఏమీ చూడకుండా, ఆ గీతలోని ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఒక్కో ప్రార్థన చెప్పండి. ఎక్కడ గుర్తురాక ఆగిపోయారో అక్కడ చుక్క పెట్టండి. ఐదో పాఠంలో సాంతా సబీనా చెక్క తలుపుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ చుక్కలున్న కాగితం వెంట తెచ్చుకోండి.